పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: యూరప్ పొదకీచురాళ్ల పాటలు, వాటి తావులు

వేసవి రాత్రుల్లో వినిపించే కీటకాల ధ్వనుల గురించి గత సంచికలో వ్యాసం వేసిన తరువాత మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే కుటుంబం చుట్టూ తిరిగాయి. ఇంగ్లండులో బుష్ క్రికెట్లనీ, అమెరికాలో కాటిడిడ్‌లనీ పిలిచే టెట్టిగోనియిడే కుటుంబపు పురుగులవి. ఈ శీర్షికలో వాటిని పొదకీచురాళ్లు అంటున్నాం. యూరప్‌లో ఉంటున్న తెలుగువారు, ఇక్కడి జంతుశాస్త్ర విద్యార్థులు రాసిన ఉత్తరాలను కొంత కుదించి, దగ్గరి ప్రశ్నలను ఒకచోటికి చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: జూలై నెలాఖరు నుంచి మా వీధిలోని లిండెన్ చెట్టు మీద సాయంత్రం మొదలైన రొద అర్ధరాత్రి దాటినా ఆగడం లేదు. మన ఊళ్లలో గోడ సందుల్లో అరిచే కీచురాయి ఇదేనా? సెలవులకు ఆల్ప్స్ కొండల్లోకి వెళ్లినప్పుడు కూడా అచ్చం ఇలాంటి పచ్చటి పురుగే కనిపించింది కాని, దాని అరుపు మాత్రం వేరుగా ఉంది. ఒకే పురుగు రెండు చోట్ల రెండు రకాలుగా పాడుతుందా? (ఒక పాఠకురాలు, స్టట్‌గార్ట్, జర్మనీ)

జవాబు: మీరు విన్నది ఇంటి కీచురాయి కాదు. నెల, వేళ, చెట్టు మీది ఎత్తు కలిపి చూస్తే అది పెద్ద పచ్చ పొదకీచురాయి, అంటే టెట్టిగోనియా విరిడిస్సిమా అయి ఉండాలి. మూడు నాలుగు సెంటీమీటర్ల ఒళ్లు, దాన్ని దాటి వెనక్కి పొడవుగా సాగిన రెక్కలు, ఒంటికన్నా పొడవైన సన్నని మీసాలు దీని గుర్తులు. మిడతల మీసాలు పొట్టిగా ఉంటాయి కనుక ఆ ఒక్క గుర్తుతోనే రెంటినీ వేరుచేయవచ్చు. పిల్లదశలో గడ్డిలోనూ పొట్టి మొక్కల్లోనూ తిరిగే ఈ పురుగు రెక్కలు వచ్చాక పొదల పైకి, చెట్ల పైకి ఎక్కుతుంది. మగది అక్కడ కుదురుకొని మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాటే దాకా పాడుతుంది. గాలి లేని రాత్రి ఆ పాట వంద మీటర్ల దూరానికి కూడా అందుతుంది.

కీచురాళ్లు, పొదకీచురాళ్లు రెండూ ముందు రెక్కలను ఒకదానితో ఒకటి రాపిడి చేసే ధ్వని పుట్టిస్తాయి. అయితే కీచురాళ్లలో సాధారణంగా కుడి రెక్క పైన ఉంటే, పొదకీచురాళ్లలో ఎడమ రెక్క పైన ఉంటుంది. ఎడమ రెక్క అడుగున సన్నని పళ్ల వరుస, కుడి రెక్క లోపలి అంచున గట్టి గీటు ఉంటాయి. రెక్కలు మూసుకొనేటప్పుడు ఆ అంచు పళ్ల మీదుగా రాసుకొంటూ పోగా, కుడి రెక్కలో ‘అద్దం’ అని పిలిచే పలుచని పొర కంపించి ధ్వనిని పెంచుతుంది. రెక్కలు ఒకసారి తెరుచుకొని మూసుకొన్నప్పుడు వెలువడే ధ్వనిని పరిశోధకులు సిలబుల్ అంటారు. ఈ జవాబుల్లో దాన్ని అక్షరం అందాం. ఒక్కొక్క జాతి పాటకు గుర్తు దాని స్వరం కాదు, ఆ అక్షరాల కూర్పు. ఎన్ని అక్షరాలు కలిసి వస్తాయి, వాటి మధ్య ఎంత ఎడం ఉంటుంది, ఎంతసేపటికి ఆగుతాయి అన్నవే ఒక జాతిని మరో జాతి నుంచి వేరుచేస్తాయి.

మీ రెండో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. కొండల్లో మీరు చూసినది అదే పురుగు కాదు. దాని దగ్గరి బంధువైన టెట్టిగోనియా కాంటాన్స్ అది. రెక్కల పొడవు చూస్తే తేడా తెలుస్తుంది. విరిడిస్సిమా రెక్కలు పొట్ట చివరను బాగా దాటిపోతాయి, కాంటాన్స్ రెక్కలు వెనక కాళ్ల మోకాళ్ల దగ్గరే ఆగుతాయి. చెవికైతే ఈ తేడా ఇంకా తేలిక. విరిడిస్సిమా పాటలో అక్షరాలు జంటలుగా వస్తాయి కనుక అది వేగంగా గిలకొట్టినట్టు, మధ్యమధ్య చిన్న విరామాలతో వినిపిస్తుంది. కాంటాన్స్ అక్షరాలు సమాన దూరంలో, ఎడతెగకుండా వచ్చి ఒకే గుక్కగా సాగే జీరలా వినిపిస్తాయి. ఆడపురుగులు కూడా ఈ తేడానే పట్టుకొంటాయని యోహానెస్ షుల్ 1998లో ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. కాళ్ల కింద తిరిగే గోళం మీద ఆడపురుగును నడిపించి, కృత్రిమంగా కూర్చిన ధ్వనులను వినిపిస్తే, విరిడిస్సిమా ఆడది జంట అక్షరాల కూర్పు ఉన్న వైపు నడిచింది. కాంటాన్స్ ఆడదానికి ముఖ్యమైనది అక్షరాలు వచ్చే వేగం.

ఇక తావుల సంగతి. విరిడిస్సిమా ఐరోపా అంతటా, ఉత్తర ఆఫ్రికాలో, సమశీతోష్ణ ఆసియాలో విస్తరించింది. వెచ్చగా, పొడిగా ఉండే మైదానాలు, ద్రాక్షతోటలు, పొలం గట్లు, ఊళ్లలోని తోటలు దానికి ఇష్టమైన చోట్లు. కాంటాన్స్‌కు చల్లదనమూ తడీ కావాలి. దాని గుడ్లు ఎండుదలకు తట్టుకోలేవు కనుక అది కొండల పచ్చికల్లో, తేమ గల లోయల్లో, అడవి అంచుల్లో ఉంటుంది. ఈ రెండు జాతుల తావులు చాలాచోట్ల ఒకదాని అంచు ఒకటి ఆనుకొని ఉంటాయి కాని పెద్దగా కలగలిసిపోవు. స్టట్‌గార్ట్ నుంచి ఆల్ప్స్ దాకా ఆగస్టు సాయంత్రం కొండదారిన వెళ్తూ కిటికీ తెరిచి వింటే, కింద లోయల్లో జంట అక్షరాల పాట, పైకి ఎక్కేకొద్దీ గుక్క తిప్పుకోని పాట వినిపించి, ఒకటి ముగిసి మరొకటి మొదలయ్యే ఎత్తును మీరే గుర్తించవచ్చు. మూడో బంధువు టెట్టిగోనియా కాడేటా తూర్పు ఐరోపాది, పోలెండు, తూర్పు జర్మనీ, ఆస్ట్రియాల వైపు దొరుకుతుంది. స్విట్జర్లండులోని ఎంగాడిన్ లోయలో దాని గుంపొకటి ప్రధాన తావుకు దూరంగా విడిగా మిగిలింది. ఇంగ్లండు వెళ్తే ఈ మూడింటిలో విరిడిస్సిమా ఒక్కటే, అదీ ప్రధానంగా దక్షిణ భాగంలోనే వినిపిస్తుంది.

ప్రశ్న: పాడేది మగదే అని మా పాఠ్యపుస్తకంలో ఉంది. మరి ఆడది పూర్తిగా మూగదేనా? చీకట్లో ఆకుల మధ్య అవి ఒకదాన్నొకటి ఎలా కనుక్కొంటాయి? ఈ పరిశోధన ఎప్పుడు మొదలైంది? (డిగ్రీ జంతుశాస్త్ర విద్యార్థి, విజయవాడ)

జవాబు: మీ పుస్తకంలోని వాక్యం చాలా జాతులకు నిజం, అన్నింటికీ కాదు. విరిడిస్సిమా వంటి వాటిలో మగది పాడుతూ కూర్చుంటుంది, ఆడది మాట్లాడకుండా పాట వచ్చిన వైపు నడిచి వస్తుంది. వినే అవయవం తలలో లేదు, ముందు కాళ్లలో మోకాలి కిందుగా ఉంది. అక్కడ కాలికి రెండు వైపులా పలుచని కర్ణపటలాలు ఉంటాయి. వాటికి తోడు ఛాతీ పక్కన ఉన్న శ్వాసరంధ్రం నుంచి ఒక గాలిగొట్టం కాలి లోపలి దాకా వెళ్లి ధ్వనిని పెంచి అందిస్తుంది. రెండు కాళ్ల మధ్య ఎడం కొద్దిపాటిదే అయినా, కుడి ఎడమల ధ్వని తీవ్రతలోని తేడాతో దిక్కు తెలుసుకోవడానికి అది సరిపోతుంది.

ఆడది జవాబిచ్చే జాతులు కూడా ఐరోపాలో ఎన్నో ఉన్నాయి. బాగా పరిశీలించినది లెప్టోఫయస్ పంక్టాటిస్సిమా అనే చుక్కల పొదకీచురాయి. పశ్చిమ, మధ్య ఐరోపాలోని తోటల్లో, ముళ్లపొదల్లో, గులాబీ మొక్కల మీద ఇది మామూలే. అయినా ఇంటి ముందు పెరిగే దాని పాటను ఇంటివారు ఎన్నడూ విని ఉండరు. మగది కొన్ని సెకన్లకొకసారి, కొన్ని మిల్లీసెకన్ల పాటు, సుమారు 40 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక చిన్న చప్పుడు చేస్తుంది. మనిషి చెవి పరిమితి దానిలో సగమే. అది విన్న ఆడది 25 నుంచి 30 మిల్లీసెకన్ల లోపల తన రెక్కలతో జవాబిస్తుంది, అప్పుడు మగది నడుచుకొంటూ ఆమె దగ్గరకు పోతుంది. జవాబు ఆ కొద్ది వ్యవధిలో రాకపోతే మగది దాన్ని తనకు వచ్చిన జవాబుగా లెక్కపెట్టదు. పక్క పొదలో మరో మగదానికి అందిన జవాబుతో తడబడకుండా కాపాడేది ఆ లెక్కే. కీటకాల మధ్య ఇంత కచ్చితమైన కాలనియమం ఉందని తెలియడం నా దృష్టిలో ఈ రంగంలోని ఎంతో అందమైన విషయాల్లో ఒకటి.

దక్షిణ ఫ్రాన్స్, స్పెయిన్ వైపు ఉండే ఎఫిపిగెర్ జాతుల్లో ఆడామగా రెండూ ధ్వని చేస్తాయి. వాటి రెక్కలు వీపు మీది జీను ఆకారపు కవచం కింద దాగిన పొట్టి ముక్కలు, ఎగరడానికి కాక పాడటానికే మిగిలినవి. ఎగరలేని పురుగు కనుక దాని తావులు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. ప్రధాన ప్రాంతానికి ఎంతో ఉత్తరాన, నెదర్లండ్స్‌లోని వేలువే బీళ్లలో ఒక గుంపు ఒంటరిగా బతుకుతూ ఉంది. చాలాచోట్ల దాని పాట ఒక్క అక్షరంతో ముగుస్తుంది. తూర్పు పిరెనీస్, మధ్యధరా తీరం వైపు వెళ్తే పాటలో అక్షరాలు పెరుగుతాయి. ఒకే జాతి అనుకొన్నదానిలో పాట ఊరూరికీ మారుతున్నప్పుడు గీత ఎక్కడ గీయాలన్నది పరిశోధకులను చాలాకాలంగా వాదనల్లో ఉంచింది.

మీరడిగిన చరిత్రలో ముందు చెప్పవలసిన పేరు ఇవాన్ రెగెన్‌ది. స్లొవేనియాలో పుట్టి వియన్నాలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఈయన, ఫోలిడాప్టెరా ఆప్టెరా అనే పొదకీచురాయి మగవాటి వంతులవారీ పాటను ఎన్నో ఏళ్లు పరిశీలించారు. ఒకటి ఆగగానే మరొకటి అందుకొంటుంది. రెగెన్ చేతితో చేసిన కృత్రిమ చప్పుళ్లకు కూడా అవి అదే విధంగా వంతు పాడాయి. 1913లో ఆయన మగ పొలం కీచురాయి ధ్వనిని టెలిఫోను ద్వారా మరో గదిలోకి పంపితే, ఆడ కీచురాళ్లు రిసీవరు వైపు నడిచివచ్చాయి. వాసన, చూపు ఏవీ లేకుండా కేవలం ధ్వనే ఆడదాన్ని రప్పిస్తుందని నిర్ద్వంద్వంగా తేలింది ఆ ప్రయోగంతోనే. అయితే రెగెన్ కాలంలో చెవికి అందని ధ్వనిని పట్టే సాధనం లేదు. క్లాస్-గెర్హార్డ్ హెల్లర్ 1988లో యూరప్ పొదకీచురాళ్ల ధ్వనులపై జర్మన్ భాషలో వెలువరించిన గ్రంథం నాటికి అతిధ్వని రికార్డింగు అందుబాటులోకి వచ్చి, అంతవరకూ మూగవనుకొన్న జాతుల పాటలు కాగితం మీద గీతలుగా కనిపించసాగాయి.

నిజంగా రెక్కలతో పాడని జాతులూ ఉన్నాయి. ఓక్ చెట్ల మీద ఉండే మెకొనెమా మగది వెనక కాలితో ఆకు మీద దరువు వేస్తుంది. దాని దక్షిణ బంధువు మెకొనెమా మెరిడియోనాలేకు ఎగిరే రెక్కలే లేవు. అయినా అది ఇటలీ వైపు నుంచి కార్లను అంటిపెట్టుకొని ఉత్తరాది నగరాలకు చేరి, 2001లో ఇంగ్లండులో నమోదైంది.

ప్రశ్న: మా ఇంటి వెనక గడ్డిమైదానంలో ఎడతెగని రొద వినిపిస్తోందని ఎనిమిదేళ్ల మా అమ్మాయి అంటుంది. నాకు ఏమీ వినిపించదు. నాకు యాభై రెండేళ్లు. చెవి డాక్టరుకు చూపించుకోవాలా? ఇరవై ఏళ్ల కిందట ఇక్కడికి వచ్చినప్పటి పొరుగువారు ఇలాంటి రొద ఈ ప్రాంతంలో ఉండేది కాదంటున్నారు. (ఒక పాఠకుడు, రెడింగ్, ఇంగ్లండు)

జవాబు: ఈ ఒక్క కారణం మీద డాక్టరు దగ్గరకు పరుగెత్తనవసరం లేదండీ. చిన్నపిల్లలు 20 కిలోహెర్ట్జ్ దాకా వినగలరు. వయసుతో పాటు పై స్థాయి ధ్వనులు ముందుగా తగ్గిపోతాయి. మాటలు, పాటలు వినడానికి ఆ పై భాగం అవసరం లేదు కనుక ఆ లోటు మనకు తెలియదు. మీ అమ్మాయి వింటున్నది రోసేల్ పొదకీచురాయి, అంటే రోసేలియానా రోసేలీ అయి ఉండవచ్చు. హైటెన్షన్ విద్యుత్తు తీగల కింద నిలబడితే వినిపించే రొదలాంటిది దాని పాట. నిమిషానికి పైగా కూడా ఆగకుండా సాగుతుంది, దానిలో ఎక్కువ శక్తి 20 కిలోహెర్ట్జ్ దగ్గర, ఆపైన ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో న్యూరెంబర్గ్‌లో పురుగులను ఎంతో నాణ్యంగా చిత్రించిన ఆగస్ట్ యోహాన్ రోసెల్ ఫన్ రోసెన్‌హోఫ్ పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది.

మీ పొరుగువారి జ్ఞాపకం నమ్మదగినదే. ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో ఈ పురుగు ఇంగ్లండులో ఆగ్నేయ తీరాన, నదీముఖాల దగ్గరి గడ్డిలో మాత్రమే ఉండేది. 1980ల తరువాత అది లోపలి భాగాలకు, ఉత్తరానికి శరవేగంగా వ్యాపించింది. పొడవు రెక్కల కోనోసెఫాలస్ ఫస్కస్ కథా అదే. 1980ల దాకా దక్షిణ తీరాన్ని అంటిపెట్టుకొని ఉన్న ఆ సన్నటి పురుగు ఇప్పుడు దేశం మధ్యభాగాన్ని దాటింది. వేసవులు వెచ్చబడటం ఒక కారణం. మోటారు రహదారుల పక్కన కోయకుండా వదిలే ఎత్తు గడ్డి పట్టీలు దారి చూపడం మరో కారణం.

మూడో కారణం ఆ పురుగుల ఒంట్లోనే ఉంది, దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. రోసేల్ పొదకీచురాయికి సాధారణంగా పొట్టి రెక్కలే ఉంటాయి. అవి పాటకు సరిపోతాయి కాని ఎగరడానికి కాదు. ఎండలు బాగా ఉన్న సంవత్సరాల్లో, గుంపు కిక్కిరిసినప్పుడు, కొన్నిటికి పొడవు రెక్కలు వస్తాయి. క్రిస్ థామస్, ఆయన సహపరిశోధకులు 2001లో నేచర్ పత్రికలో ప్రచురించిన పనిలో, పైన చెప్పిన రెండు జాతుల్లోనూ కొత్తగా స్థిరపడిన గుంపుల్లో పొడవు రెక్కలవి ఎక్కువని, పాత గుంపుల్లో తక్కువని తేలింది. ఎగరగలిగినవే కొత్త చోటికి చేరతాయి కనుక వాటి పిల్లల్లోనూ ఆ గుణం ఎక్కువ. అయితే ఆ రెక్కలు ఊరికే రావు. పొడవు రెక్కల ఆడది తక్కువ గుడ్లు పెడుతుంది. అందువల్ల అయిదు పది సంవత్సరాలు గడిచేసరికి ఆ చోట మళ్లీ పొట్టి రెక్కలవే పెరుగుతాయి. అంచు మాత్రం అప్పటికే ముందుకు జరిగి ఉంటుంది. మీ ఇంటి వెనక గడ్డిలో ఒకటి రెండు పొడవు రెక్కలవి కనిపిస్తే అవి దూరం నుంచి వచ్చినవో, దూరం పోవడానికి సిద్ధంగా ఉన్నవో అయి ఉంటాయి. ఇదే జాతి 1953లో కెనడాలోని మాంట్రియల్ దగ్గర కనిపించి అక్కడి నుంచి ఉత్తర అమెరికాలోనూ పరుచుకొంది. అది మనుషుల సరుకులతో చేరిన వలస.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పటాల్లో ఒక జాతి వ్యాపించినట్టు కనిపించడంలో కొంత భాగం వినేవారు పెరగడం వల్ల కూడా వస్తుంది. పరిశీలకుల్లో చాలామంది రిటైరైనవారు. వారిలో చాలామందికి రోసేల్, కోనోసెఫాలస్ పాటలు అందవు. గబ్బిలాల ధ్వనిని చెవికందే స్థాయికి దించి వినిపించే బ్యాట్ డిటెక్టరు చౌకగా దొరకడం మొదలయ్యాక ఈ పురుగుల రికార్డులు పెరిగాయి. అయినా రోసేల్ విషయంలో వ్యాప్తి నిజమే. చిన్నవారి చెవికి మామూలుగా వినిపించే పురుగు ముందు లేని చోట ఇప్పుడు ఉన్నదంటే దాన్ని పరికరం ఖాతాలో వేయలేం. మీ అమ్మాయి చేత గడ్డిలో దిక్కు చూపించమనండి, పురుగును మీరు కంటితో వెతకండి.

ప్రశ్న: ఐరోపా జాతుల పటం చూస్తే గ్రీస్, బల్గేరియా, టర్కీ వైపు పేర్లు కిక్కిరిసి ఉన్నాయి. బ్రిటన్ వైపు సుమారు పది మాత్రమే. పచ్చదనం ఎక్కువ ఉన్న ఉత్తరాన ఇంత తక్కువ ఎందుకు? (ఒక పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: మొదటి కారణం మంచుయుగాలు. ఉత్తర ఐరోపాను మంచు కప్పినప్పుడు వెచ్చదనం కోరే పురుగులు ఐబీరియా, ఇటలీ, బాల్కన్ ద్వీపకల్పాల్లో తల దాచుకొన్నాయి. మంచు కరిగాక ఉత్తరానికి తిరిగి రాగలిగినవి కొన్నే. సముద్రం అడ్డువచ్చిన బ్రిటన్‌కు చేరినవి ఇంకా తక్కువ. గుడ్లు, పిల్లలు ఎదగడానికి వేసవి వేడి కావాలి కనుక పచ్చదనం ఒక్కటే వాటిని పోషించదు.

రెండో కారణం ఎగరలేకపోవడం. పోయెసిలిమాన్ అనే ప్రజాతిలో 140కి పైగా జాతులు ఉన్నాయి, వాటి కేంద్రం బాల్కన్, అనటోలియా. రెక్కలు కవచం కింద దాగిన పాట పరికరాలు మాత్రమే. ఒక కొండ మీది గుంపు పక్క కొండకు పోలేదు, ఒక దీవి నుంచి మరో దీవికి దాటలేదు. అలా విడిపోయిన గుంపులు వేల ఏళ్లలో వేరు జాతులయ్యాయి. కార్పేతియన్, బాల్కన్ కొండల ఐసోఫియా ప్రజాతిదీ ఇదే తీరు. మ్యూజియంలో సూదికి గుచ్చి ఆరబెట్టిన ఐసోఫియాలను పక్కపక్కన పెడితే అనుభవజ్ఞులు కూడా తటపటాయిస్తారు. అదే బతికున్న మగదాని పాట గీత చూస్తే జాతి తేలిపోతుంది. పాత సేకరణల ఆధారంగా గీసిన పటాలను పాటల ఆధారంగా తిరగరాయవలసి వచ్చింది అందుకే.

ఒకే ప్రజాతిలో పాటకు జవాబిచ్చే పద్ధతీ ఒకటే కాదు. చాలా పోయెసిలిమాన్ జాతుల్లో ఆడది జవాబిస్తే మగది నడుస్తుంది. గ్రీస్‌లోని ప్రొపింక్వస్ వర్గంలో ఆడది జవాబివ్వడం మానేసి తానే నడిచి వస్తుంది. కలయిక తరువాత మగది ఆడదానికి స్పెర్మటోఫోర్ అనే పోషక ముద్దను ఇస్తుంది. కొన్ని జాతుల్లో ఆ ముద్ద మగదాని బరువులో నాలుగో వంతుకు చేరుతుంది.

పాటకు మూల్యమూ ఉంది. మధ్యధరా ప్రాంతపు ఈగ థెరోబియా లియోనిదేయి మగ పొదకీచురాయి పాట విని, దాన్ని వెతికి పట్టుకొని తన పిల్లలను దాని ఒంటి మీదికి చేరుస్తుంది. ఆ పిల్లలు లోపలికి దొలుచుకుపోయి తినేస్తాయి. అతి దగ్గరి బంధువులైన రెండు గ్రీకు జాతుల్లో, ఒక్కొక్క అక్షరంతో పాడే పోయెసిలిమాన్ థెస్సాలికస్‌కన్నా అనేక అక్షరాలు గుదిగుచ్చి పాడే పోయెసిలిమాన్ మరియానే ఎక్కువగా ఈ ఈగ బారిన పడుతుందని 1998లో లేమాన్, హెల్లర్ చూపించారు. ఆడదాన్ని రప్పించే ధ్వనే శత్రువుకూ దారి చూపుతుంది. బాల్కన్‌లో పొదకీచురాళ్లను ఇష్టంగా తినే గబ్బిలం మయోటిస్ బ్లైథీ కూడా ఉంది.

ఈ లెక్కలన్నిటికీ వెలుపల ఉన్నది సాగా పెడో. ఐబీరియా నుంచి మధ్య ఆసియా దాకా పరుచుకొన్న ఈ పెద్ద పురుగు ఇతర కీటకాలను పట్టి తినే వేటగత్తె. దీనిలో ఆడవే ఉంటాయి, గుడ్లు ఫలదీకరణ లేకుండానే పొదిగిపోతాయి. పిలవవలసిన తోడు లేదు కనుక పాటా లేదు. ఒక్క ఆడది చేరితే చాలు, కొత్త చోట గుంపు మొదలవుతుంది. దీని బాల్కన్ బంధువుల్లో మగవి ఉన్నాయి, అవి పాడతాయి, వాటి తావులు మాత్రం చిన్నవి. పోయెసిలిమాన్‌లోనూ ఇంటర్మీడియస్ అనే ఒక్క జాతి మగవి లేకుండా సాగుతూ, తన ప్రజాతి ఇల్లు దాటి సైబీరియా దాకా వెళ్లింది. మగవాణ్ణి వదులుకొన్నవే దూరం పోయాయన్న ఈ పోలిక రెండు చోట్లా కనిపించడం కాకతాళీయం కాదనే నా అభిప్రాయం.

తావు చిన్నదైతే ముప్పు పెద్దది. ఈశాన్య ఇటలీ, స్లొవేనియాల తడి నేలల్లో తప్ప మరెక్కడా లేని జ్యూనెరియానా మార్మొరాటా అందుకు ఉదాహరణ. అక్కడి చిత్తడి గడ్డిని ఎండగట్టి పొలాలు చేస్తే దానికి పోవడానికి వేరే చోటు లేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2016లో ఐరోపాలోని మిడతలు, కీచురాళ్లు, పొదకీచురాళ్లు కలిపి వెయ్యికి పైగా జాతులను పరిశీలించి, నాలుగో వంతుకు పైగా ముప్పులో ఉన్నట్టు లెక్క తేల్చింది.

ప్రశ్న: పులిపిర్లను ఒక కీచురాయి చేత కొరికించేవారని ఎక్కడో చదివాను. నిజమేనా? (ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: నిజమే. స్వీడన్ పల్లెల్లో ఆ అలవాటు ఉండేది. లినేయస్ 1758లో ఆ పురుగుకు పెట్టిన పేరులోనే పులిపిర్లు తినేది అన్న అర్థం ఉంది. ఇప్పుడు దాన్ని డెక్టికస్ వెరుసివోరస్ అంటారు. దవడలు గట్టివి కనుక కొరకగలదు. కొరికితే పులిపిరి పోతుందన్న భరోసా మాత్రం మేము ఇవ్వలేం, చర్మ వైద్యులను చూడండి. ఇది పగటి గాయకుడు. ఎండ కాసినప్పుడే టిక్, టిక్ మని నిదానంగా మొదలుపెట్టి వేగం పెంచుకొంటూ పోతుంది, మబ్బు వేస్తే ఆగుతుంది. ఐరోపా ప్రధాన భూభాగంలో, సమశీతోష్ణ ఆసియాలో విస్తారంగా ఉన్నా, ఇంగ్లండులో దక్షిణాన కొన్ని సున్నపు నేల పచ్చికల్లోనే మిగిలింది. గుడ్లు పెట్టడానికి పొట్టి గడ్డి, దాక్కోవడానికి ఎత్తు గడ్డి పక్కపక్కనే కావాలి. పశువుల మేత అటు మరీ ఎక్కువైనా, ఇటు పూర్తిగా ఆగినా ఆ అమరిక చెడిపోతుంది. గుడ్లు పొదగడానికి రెండు చలికాలాలో, అంతకన్నా ఎక్కువో పడుతుంది కనుక ఒక్కసారి పోయిన చోట మళ్లీ నిలదొక్కుకోవడం కష్టం.

ప్రశ్న: పాట బట్టి జాతిని పోల్చే ఈ పద్ధతి మన దేశంలోని పురుగులకు పనికివస్తుందా? ఫోనుతో రికార్డు చేస్తే సరిపోతుందా? (జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, విశాఖపట్నం)

జవాబు: పనికివస్తుంది, ఇప్పటికే వచ్చింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో వివేక్ నిత్యానంద, రోహిణీ బాలకృష్ణన్ 2006లో ప్రచురించిన పరిశోధనలో, దక్షిణ భారతంలోని మెకొపోడా అనే పొదకీచురాళ్లు ఆకారంలో ఒకేలా ఉన్నా ఐదు రకాల పాటలు పాడుతున్నట్టు తేలింది. ఒకదాని పాటకు హెలికాప్టరు అని పేరు పెట్టారు, అది ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఐసోఫియాల సమస్యే ఇక్కడ పశ్చిమ కనుమల పాదాల్లో ఎదురైంది.

ఫోను గురించి. మామూలు ఫోను రికార్డింగు సెకనుకు 44,100 లేదా 48,000 నమూనాలు తీసుకొంటుంది. నమూనాల సంఖ్యలో సగానికి మించిన పౌనఃపున్యం దానికి చిక్కదు. అంటే 22 నుంచి 24 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ. విరిడిస్సిమా వంటి వాటి పాటలో 8 నుంచి 10 కిలోహెర్ట్జ్ భాగం బలంగా ఉంటుంది కనుక వాటికి ఫోను చాలు. లెప్టోఫయస్ వంటి 40 కిలోహెర్ట్జ్ పురుగుకు సెకనుకు 80,000కు పైగా నమూనాలు తీసే అతిధ్వని మైకు కావాలి. ఫోనుకు తగిలించుకొనేవి దొరుకుతున్నాయి. పిల్లల చేత చేయించేటప్పుడు వాటికన్నా ముందు ఒక థర్మామీటరు కొనండి. ఈ పురుగులు చల్లని రక్తానివి. రాత్రి వెచ్చగా ఉంటే అక్షరాలు వేగంగా, చలిగా ఉంటే నెమ్మదిగా వస్తాయి. రెండు రాత్రుల పాటలు వేరుగా ఉన్నాయని రెండు జాతులనుకొనే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ప్రతి రికార్డింగుకూ పురుగు ఉన్న ఎత్తులో గాలి ఉష్ణోగ్రత, సమయం, మొక్క పేరు రాయించండి. ఉష్ణోగ్రత రాయని రికార్డింగును మరో ఊరి రికార్డింగు పక్కన పెట్టి పోల్చలేం.